జ్వరానికి విడిది

దోమలు తప్పు వైపు వెళ్లాయి.

మొదటిసారి గొట్టం తిరగేసి పెట్టానేమో అనుకున్నాను. మా ల్యాబులో ఒక పొడవాటి గాజు గొట్టం ఉంటుంది. ఒక కొసన ఉత్తగాలి, రెండో కొసన గబ్బుతీగ వాసన. ఆకలితో ఉన్న దోమల్ని మధ్యలో వదిలితే వాసనకి హడలిపోయి ఉత్తగాలి వైపు పారిపోవాలి. మూడేళ్లుగా పారిపోతూనే ఉన్నాయి. ఆ పరుగు మీదే మా సంస్థ నడుస్తోంది, నా జీతం నడుస్తోంది, కొండ మీద గూడేలన్నీ నిశ్చింతగా నిద్రపోతున్నాయి. ఇవాళ మాత్రం భోజనాలకి లేవండి అన్నట్టు వాసన వైపు బారులు తీరాయి.

గొట్టం కడిగాను. కొసలు మార్చాను. వేరే దోమల్ని వదిలాను. మళ్లీ అంతే.

ఇవి బయట తిరిగిన దోమలు కావు. ఏటిగడ్డ ఆశ్రమ పాఠశాల హాస్టల్లో పట్టుకొచ్చిన దోమలు గుడ్లు పెడితే, వాటిలోంచి మా ల్యాబులోనే పుట్టినవి. పుట్టాక మనిషి మొహం చూడలేదు, పొగ మొహం చూడలేదు. అంటే ఎక్కడా నేర్చుకున్న బుద్ధి కాదు. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. మరి వీటి పుడకలు ఎవరు పేర్చాలి?

నా పేరు ముర్ల శాంతకుమారి. పేరుకీ మనిషికీ పొంతన లేదని ల్యాబులో అందరికీ తెలుసు. కొండరెడ్డి పిల్లని. ముసురు పట్టగానే ప్రతి ఇంటా పగిలిన కుండలో గబ్బుతీగ రాజేసే ఊళ్లో పెరిగాను. ఆ పొగలో దోమ నిలవదు. మా డైరెక్టర్ డాక్టర్ పున్నారావు గారు ఆ పొగలోంచి వాసనని మాత్రం విడదీసి అరచేతిలో పట్టే పెట్టెలో పెట్టారు. ఎండతో నడుస్తుంది, మసి ఉండదు, కళ్లు మండవు. లోపలి నూనె గుళిక వానాకాలమంతా వస్తుంది. పొగ లేకపోయినా జనం దానికి పొగపెట్టె అనే పేరు పెట్టారు. మూడేళ్లలో కొండ మీద చలిజ్వరం దాదాపు మాయమైంది. ఈ ఏడు వానలకి ముందే కొండ దిగువన హాస్టళ్లకీ, ఏరియా ఆసుపత్రికీ కూడా పెట్టెలు ఇచ్చారు.

ఏటిగడ్డ హాస్టల్లోనే నా కూతురు నీలవేణి ఏడో తరగతి చదువుతోంది.

నాలుగోసారి గొట్టం కడుగుతుంటే ఫోన్ మోగింది. హాస్టల్ వార్డెన్.

“మేడమ్, కంగారు పడకండి. నీలవేణికి జ్వరం. పొద్దున్నించీ వణుకుతోంది. ఆసుపత్రికి తీసుకొచ్చాం. మొత్తం మీద చాలామంది పిల్లలకి వచ్చిందండి. ఏటో, మన పెట్టెలున్నా వచ్చేసింది.”

“దాని మంచం దగ్గర పెట్టె ఉందా?”

“అయ్యో, లేకేం మేడమ్! మీ అమ్మాయి కదా అని దానికి రెండు కట్టించాను.”

ఆవిడ ప్రేమగానే చెప్పింది. నేను ఫోన్ పట్టుకుని గొట్టం వైపు చూస్తూ ఉండిపోయాను. గాజుకి అవతల దోమలు వాసన వచ్చే జల్లెడకి ముక్కులు ఆనించి కూర్చున్నాయి.

* * *

పున్నారావు గారు చెడ్డమనిషి కాదు. నేను చెప్పిందంతా విన్నారు. స్వయంగా వచ్చి దోమల్ని చూశారు. తర్వాత కుర్చీలో కూలబడ్డారు.

“ఏందమ్మా ఇది,” అన్నారు.

“పెట్టెలు ఆపించండి సార్. హాస్టల్లో, ఆసుపత్రిలో. ఇప్పుడే.”

“ఆపితే? కొండ పిల్లలకి మూడేళ్లుగా దోమ కుట్టలేదు. జ్వరానికి ఓర్చుకునే శక్తి ఒంట్లో మిగల్లేదు. గొట్టంలో కనపడ్డదే బయట జరుగుతోందని రుజువేది? మీ లెక్క తప్పితే ఆ పిల్లల్ని మళ్లీ ఎవరు లేపుతారు?”

“నా కూతురు అక్కడే ఉంది సార్.”

“అందుకేనమ్మా భయం. తల్లి తొందరపడుతుంది. పడాలి కూడా. నేను పడకూడదు.” ఆయన కుర్చీలోంచి లేచారు. “ఒక్క ఊళ్లో చూపించండి. ఇళ్లల్లో పెట్టెలు తీసేస్తే మనుషులకి దోమ తగ్గుతుందని ఒక్క ఊళ్లో చూపించండి. నేనే ఆర్డరిస్తాను.”

ఆయన్ని తిట్టాలనిపించింది. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని కాబట్టి ఇంకా తిట్టాలనిపించింది.

ఆసుపత్రికి వెళ్లేసరికి నీలవేణి కళ్లు మూతలు పడుతున్నాయి. ఒళ్లు పెనంలా ఉంది. నన్ను చూసి “అమ్మా, పరీక్షలు ఉన్నాయి” అంది. ఆ తర్వాత పొంతన లేని మాటలు. జ్వరం తలకెక్కకుండా చూస్తున్నామని డాక్టరు చెప్పాడు. తలకెక్కితే అని అడగబోయి మానేశాను. మంచం మీద కొక్కేనికి పొగపెట్టె వేలాడుతోంది. కిటికీ జాలీకి పిడికిలంత చిరుగు ఉంది. పెట్టె తీసి సంచిలో వేసుకున్నాను. మందులు తెచ్చేసరికి నర్సమ్మ ఇంకోటి తగిలించేసింది.

“మీరు తియ్యకూడదండీ. ఆర్డరు లేదు,” అంది. “అయినా పెట్టె లేకపోతే పాపం దోమలు పీకేస్తాయి కదా.”

ఈ పెట్టె గురించి నేనే కదా గూడేల వెంట తిరిగి చెప్పింది. ఎవరితో పోట్లాడను? జాలీ చిరుగులో నా చున్నీ కుక్కి, ప్రతి గంటకీ ఫోన్ చెయ్యమని వార్డెన్‌ని మంచం దగ్గర కూర్చోబెట్టి, తెల్లవారగానే జీపు తీసుకుని కొండెక్కాను.

* * *

తేనెలబంద మా పుట్టిల్లు. అక్కడ మాట చెల్లేది మా మేనత్త అచ్చియమ్మది. ఊరి పూజారికి పెళ్లామై, ఆయన పోయాక ఊరికే పెద్దయింది. గొంతు పెద్దది, గర్వం అంతకన్నా పెద్దది. నేను వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని ఉంది. మెడలో పూసల దండకి పొగపెట్టె కట్టుకుంది. టీవీ వాళ్లు వచ్చినప్పుడు అలాగే ఫోటో తీశారట. అప్పటి నుంచీ దాన్ని మెడలోంచి తీయలేదు.

“ఏటే శాంతీ, మొకం అలా పీక్కుపోయింది? పిల్ల ఎలాగుంది?”

చెప్పాను. అత్త గర్వమంతా దిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ఊరి దిగువకి చూస్తున్నాను. అక్కడ పశువుల పాక ఉండేది. ఇప్పుడూ ఉంది. దాని వాసాలకి వరసగా పొగపెట్టెలు మెరుస్తున్నాయి.

“అత్తా, అది విడిది పాక కదా?”

“ఎప్పటి మాట! గొడ్లకి మాత్రం పేణం కాదేటి? వోటిని మాత్రం దోమలు కుట్టవా? కుర్రోళ్లు గోల సేత్తే మీ ఆఫీసోళ్లే ఇచ్చారు. అన్ని ఊళ్లల్లో కట్టారు.”

జాలితోనే కట్టారు. అడిగింది మావాళ్లే, ఇచ్చింది మా ఆఫీసే. ఇందులో ఎవర్నని తప్పు పట్టాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మా ఊళ్లల్లో ఇళ్లన్నిటికీ పొగ వేసి ఒక్క పాకకి మాత్రం వేసేవాళ్లు కారు. ఊరి గొడ్లని చీకటి పడే ముందు అందులో కట్టేవాళ్లు. దాని పేరు జొరం విడిది. ఆడవాళ్లు పాక చుట్టూ తిరిగి మగపెళ్లివారిని ఆటపట్టించే పాటలే పాడేవాళ్లు. మా వియ్యపురాలి ముక్కు సూది, మా వియ్యంకుడి కడుపు కుండ అని. చిన్నప్పుడు నేను గొంతు చించుకుని పాడేదాన్ని. సంస్థలో చేరాక ఈ సంగతి పున్నారావు గారికి చెప్తే నవ్వి, తీగ మందు, పాట ఆచారం అన్నారు. తీగ ఉంచుకుని పాట వదిలేశారు.

“విడిది ఎందుకు పెట్టేవాళ్లత్తా?”

“ఎందుకేటే, దోమలు పెళ్లోరని! మగపెళ్లోరిని ఎవడైనా గుమ్మంలోంచి పొమ్మంటాడా? విడిది సూపిత్తాం. కడుపునిండా కూడెడతాం. మనింట్లో మాత్రం తొంగోనివ్వం. అక్కడ కూడు లేదనుకో, ఏం సేత్తారు? మనింటి వాసన అట్టుకుని సక్కా వంటింట్లోకే వత్తారు.”

గొట్టంలో దోమలు కళ్లముందు కదిలాయి.

విడిది ఉన్నన్నాళ్లూ పొగకి భయపడి పారిపోయిన దోమకి పాకలో గొడ్డు రక్తం దొరికేది. అది బతికేది, గుడ్లు పెట్టేది, దాని పిల్లలూ పొగకి భయపడేవి. పిరికి దోమల వంశం నిలబడేది. మన చలిజ్వరం గొడ్డుకి అంటదు కాబట్టి అక్కడితో ఆగిపోయేది. పాకకి కూడా పెట్టెలు కట్టాక పిరికి దోమ తిండిలేక చచ్చింది. వాసనకి ఓర్చుకుని ఇంట్లోకి దూరిన ఏ ఒక్కటో బతికింది. ఇన్ని వానలు తిరిగేసరికి మిగిలినవన్నీ దాని పిల్లలే. వాటికిప్పుడు గబ్బుతీగ వాసనంటే మనిషి ఉన్న చోటు. ఈ వానలకి ఏటి వెంట, జ్వరం ఇంకా ఉన్న దిగువకి వెళ్లాయి. అక్కడ నా కూతురి మంచం మీద రెండు పెట్టెలు ఉన్నాయి.

ఇదంతా అత్తకి తెలుసా అంటే తెలియదు. విడిదిలో నల్లెద్దు ఉండి తీరాలంటుంది, పాక తూర్పున కడితే జ్వరం తిరిగొస్తుందంటుంది. అవి నిజమో కాదో నాకూ తెలియదు. ఇప్పుడు ఒకటొకటీ విడదీసి చూసే తీరిక లేదు.

“అత్తా, విడిది మళ్లీ పెట్టాలి. పెట్టెలన్నీ పాకలోనే ఉంచాలి. ఇళ్లల్లో ఒక్కటి కూడా ఉండకూడదు. పొగ కూడా వెయ్యకూడదు.”

అత్త నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“తిరగేత్తున్నావే. ఇంట్లో పొగ, విడిదిలో వట్టిగాలి. అదీ పద్దతి.”

“దోమే తిరగబడిందత్తా. పద్ధతి అదే. విడిదికి దారి మాత్రం మారింది.”

“ఇంట్లో వాసన లేకుండా ఎలాగే? మా అమ్మ ఒళ్లు ఇదే వాసనేసేది. మీ అమ్మా అంతే. పురుడు పోసినపుడు ఇదే పొగ, మడిసి పోయినపుడు ఇదే పొగ. అయితే ఇంక ఇంట్లో కాల్చకూడదా? ఎప్పుడూనా?”

“ఎప్పటిదాకానో తెలియదు. ఇప్పుడైతే కాల్చకూడదు.”

అత్త ఏడుస్తుందని నేననుకోలేదు. చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ దుఃఖం పొంగింది కానీ ఏడిస్తే లేవలేనని భయం. కాసేపటికి మెడలోంచి దండ తీసి, పూసలతో సహా నా ఒళ్లో పడేసింది.

“నీలవేణి కంటే ఎక్కువేటి,” అని లేచి, ఊరంతా వినపడేలా కేకలు మొదలెట్టింది.

* * *

మధ్యాహ్నమంతా ఇల్లిల్లూ తిరిగి పెట్టెలు విప్పించాను. పాక వాసాలకి ఉన్నవి సరిపోవనిపించింది. గుళికలు పగలగొట్టి నూనెని గోనె సంచుల మీద పోసి పాక చుట్టూ కట్టాను. చేతులు మోచేతుల దాకా జిడ్డయ్యాయి, బట్టలన్నీ మరకలు. వాసన ఎంత గాఢంగా ఉందంటే గొడ్లు తలలు విదిలించాయి. అత్త పట్టుబట్టి నల్లెద్దునే ముందు కట్టించింది, దాని కొమ్ములకి పసుపు రాసింది. నేను కాదనలేదు.

వార్డెన్ గంటగంటకీ ఫోన్ చేస్తోంది. జ్వరం తగ్గింది. పెరిగింది. మళ్లీ పెరిగింది. ఒకసారి ఆవిడ మాట మధ్యలో ఆగిపోతే “హలో, హలో” అని అరిచాను, సిగ్నల్ పోయిందంతే.

మసక వేళకి పున్నారావు గారి జీపు వచ్చింది. నేను పెట్టెలన్నీ విప్పించానని ఎవరో చెప్పారు. ఆవేశంగానే దిగారు గానీ పాక దగ్గరికి రాగానే రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని కంచె బయటే ఆగిపోయారు. ఈ పెట్టె కనిపెట్టిన మనిషికి ఈ వాసన పడదు, తలనొప్పి. గుళికలు నింపడం, పెట్టెలు బిగించడం అంతా మా బోటివాళ్ల పని. ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు.

“ఇళ్లల్లో చంటిపిల్లలున్నారమ్మా!” అని అరిచారు.

“ఉన్నారు సార్. నేనూ ఇంట్లోనే కూర్చుంటున్నాను. మీరు అక్కడినుంచి ఎద్దుని చూస్తూ ఉండండి.”

సబ్బుతో, కుంకుడుకాయలతో తోముకున్నా నా వాసన వదల్లేదు. అందుకే నన్ను ఇంట్లోకి రానివ్వలేదు అత్త. “నువ్వొత్తే పెళ్లోరిని ఎంటేసుకొచ్చినట్టే,” అంది. నిజమే. నాకా మాట తట్టనందుకు సిగ్గేసింది. వాలిన దోమల్ని లెక్కపెట్టడానికి ఆవిడ లోపల చేతులు చాపుకుని కూర్చుంది, నేను పాక పక్కన దోమతెర కప్పుకుని కూర్చున్నాను. ఆడవాళ్లు పాట అందుకున్నారు. మూడేళ్లయింది కదా, చరణాలు తడబడ్డాయి. వియ్యపురాలి ముక్కు దగ్గర మాత్రం అందరికీ గుర్తొచ్చింది.

చీకటి చిక్కబడుతోంది. లెక్క తప్పయితే నా ఊరిని నేనే జ్వరం చేతికి అప్పగించినదాన్నవుతాను. ఒక పసిబిడ్డ ఏడ్చింది. దోమకా, పాలకా? మా అత్త ఇంట్లోంచి చప్పుడు లేదు.

“అత్తా!”

“ఒకటొచ్చిందే.”

“ఒకటేనా?”

“ఒకటే. దారి తప్పిన పెళ్లికొడుకు. కొట్టేసాను.”

అప్పుడే పున్నారావు గారు కంచె దగ్గర్నుంచి టార్చి వేశారు. నల్లెద్దు కడుపు మరీ నల్లగా కనిపించింది. చూస్తుండగా ఆ నలుపు కదిలింది. సంచులు కట్టిన వైపంతా, గొడ్ల పొట్టల కింద, కాళ్ల మధ్య, పొరలు పొరలుగా దోమలు. ఎద్దు తోక విసురుతూనే ఉంది. దాని బాధ చూస్తూ కూడా నాకు సంతోషం ఆగలేదు.

ఆయన రుమాలు తీసేశారు. చాలాసేపు టార్చి ఆర్పలేదు.

“మాది పల్నాడు, పత్తి చేలు,” అన్నారు నెమ్మదిగా. “విత్తనాల సంచిలో ఒక చిన్న పొట్లం విడిగా ఇచ్చేవాళ్లు. చేను చుట్టూ వెయ్యండి, ఆ వరసలు పురుగు తినటానికి అని. పురుగుకి పంట వెయ్యటమేందిరా అని మా నాయన ఆ పొట్లం గట్టు మీద పారేసేవాడు. తర్వాత ఆ విత్తనంలో ఉన్న మందుకి పురుగు లొంగకుండా పోయింది. నేను దాని మీదే పుస్తకాలు చదివానమ్మా. మీరు విడిది అంటే పాట అనుకున్నాను.”

జేబులోంచి ఫోన్ తీసి హాస్టలుకీ, ఆసుపత్రికీ ఆయనే చేశారు. పెట్టెలన్నీ విప్పి దూరంగా పశువుల దొడ్డికి పంపమన్నారు. ఎందుకని అవతలివాళ్లు అడిగినట్టున్నారు. “చెప్తే మీకర్థం కాదు, నాకే మూడేళ్లు పట్టింది,” అని పెట్టేశారు.

* * *

ఆయన జీపు ముందు, నాది వెనక. పొద్దు పొడిచాక ఆసుపత్రికి చేరాం. వార్డు ముందు జాలీ తలుపు. కిటికీ చిరుగుకి కొత్త జాలీ కుట్టారు. మంచాల మీద కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. పెట్టెలు లేవని పిల్లలు బెంగగా పైకి చూస్తున్నారు. కొండపిల్లలకి ఆ వాసన లేకపోతే నిద్ర పట్టదు.

నీలవేణి లేచి దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. జ్వరం దిగింది. కళ్లు లోపలికి పోయి, పెదాలు ఎండిపోయి, పిట్టంత అయిపోయింది. నన్ను ఇంకా చూడలేదు. ముక్కు ఎగబీల్చి తలుపు వైపు తిరిగింది.

“అమ్మా!”

తలుపు గొళ్లెం మీద చెయ్యి వేశాను. అంతలో నా మోచేతి దగ్గర జాలీ మీద దోమ వాలింది. ఇంకోటి. నా వెంటే వచ్చాయి. పొద్దెక్కుతున్నా వదల్లేదు. వారం దాకా నా ఒంటి మీది నూనె పోదు. ఈ తలుపు తెరిస్తే నాతోపాటు అవీ లోపలికి వస్తాయి. లోపల అందరి రక్తంలోనూ జ్వరం ఉంది, తాగి ఊళ్లోకి మోసుకుపోతాయి.

గొళ్లెం వదిలేశాను.

“రాకూడదు తల్లీ. ఇక్కడే ఉంటాను.”

“ఎందుకు రావు? దా.” అది చేతులు చాపింది. “నాకు భయమేసింది. దా అమ్మా.”

నేను తలుపు దగ్గర్నుంచి ఒక అడుగు వెనక్కి వేశాను. పున్నారావు గారు నన్ను చూశారు, దాన్ని చూశారు. తలుపు కొంచెం తెరిచి, పక్కకి తిరిగి దూరి, చటుక్కున మూశారు. మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషిలా నా వైపు తిరిగారు.

“ఏం చెయ్యమంటారమ్మా?”

“నుదుటి మీద చెయ్యి వెయ్యండి సార్. కాసేపు తియ్యకండి.”

ఆయన మంచం పట్టె మీద కూర్చుని చెయ్యి వేశారు. నీలవేణి కదలకుండా ఉంది. కాసేపు కళ్లు మూసుకుంది. తర్వాత ఆ చేతిని ముక్కు దగ్గరికి లాక్కుని వాసన చూసింది.

“ఈయన చేతికి మన వాసన లేదమ్మా,” అంది ఏడుపు గొంతుతో.

“లేకపోవడమే మంచిది తల్లీ,” అన్నాను, జాలీకి ఇవతలి నుంచి.